పార్టీ లేని సిటింగ్ సభ్యుడు రాష్ట్రమంతటా ఎలా గెలుస్తాడు: వెర్మాంట్ ఓట్ల లెక్క

1994 నవంబరు 8న అమెరికా ఈశాన్య మూలనున్న వెర్మాంట్ రాష్ట్రంలో జరిగిన పోలింగ్ ఫలితాన్ని చూస్తే, ఆ ఓటర్ల మొగ్గు ఏ పార్టీ వైపో చెప్పడం కష్టం. గవర్నరు పదవికి డెమోక్రాట్ హోవర్డ్ డీన్‌ను 69 శాతానికి దగ్గరగా ఓట్లిచ్చి గెలిపించారు. సెనేట్ స్థానాన్ని రిపబ్లికన్ జేమ్స్ జెఫర్డ్స్‌కు సుమారు 50 శాతం ఓట్లతో మళ్లీ అప్పగించారు. ప్రతినిధుల సభకు మాత్రం ఏ పార్టీ టికెట్టూ లేని బెర్నీ శాండర్స్‌ను, 50 శాతానికి వెంట్రుకవాసి తక్కువ ఓట్లతో, మూడోసారి పంపించారు. ముగ్గురూ అప్పటికే ఆ పదవుల్లో ఉన్నవారు, ముగ్గురూ రాష్ట్రమంతటా పోటీ చేసినవారు, ముగ్గురికీ ఓటేసింది ఆ రాష్ట్ర ప్రజలే.

మొదటి ఇద్దరి సంగతి ఎలా ఉన్నా, మూడో ఫలితం అమెరికా రాజకీయాల్లో చాలా అరుదైనది. రెండు పార్టీల చుట్టూ తిరిగే వ్యవస్థలో ఒక స్వతంత్రుడు ఒకసారి గెలిస్తే, గాలివాటంగా వచ్చిన విజయమని సరిపెట్టుకోవచ్చు. అదే స్వతంత్రుడు సిటింగ్ సభ్యుడిగా మళ్లీ బరిలో దిగి, 1992 నుంచి 2004 వరకు వరుసగా ఏడుసార్లు సీటు నిలబెట్టుకున్నాడంటే దానికి వేరే వివరణ కావాలి. వ్యక్తిగత ఆదరణ వల్లనే గెలిచాడన్నది అందరూ చెప్పే జవాబు, అది అబద్ధమూ కాదు. కానీ ఆదరణ ఎంత ఉన్నా త్రిముఖ పోటీలో ఓటు చీలితే ఓడిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. నా దృష్టిలో అసలు కారణం మరొకటి: ప్రధాన పార్టీల్లో ఒకటి, నోరు విప్పి చెప్పకుండానే, ఆయనకు దారి వదలడం. ఆ దారి ఎలా తెరుచుకుందో, దానికి ఎవరు ఏం చెల్లించారో చూస్తే ఈ చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ముందుగా, ప్రతినిధుల సభ ఎన్నిక రాష్ట్రమంతటి ఎన్నిక ఎలా అయిందో చెప్పుకోవాలి. 435 మంది ఉండే ఆ సభలో సీట్లను జనాభాను బట్టి రాష్ట్రాలకు పంచుతారు. అయితే జనాభా ఎంత తక్కువైనా ప్రతి రాష్ట్రానికీ కనీసం ఒక సీటు ఉండాలని రాజ్యాంగం చెబుతుంది. 1990 జనాభా లెక్కల ప్రకారం వెర్మాంట్‌లో ఉన్నది దాదాపు 5 లక్షల 63 వేల మంది మాత్రమే. 1930ల నుంచి ఆ రాష్ట్రానికి ఒకే ఒక్క సీటు ఉంది కాబట్టి రాష్ట్రమే నియోజకవర్గం. సెనేటర్లిద్దరూ, ఈ ప్రతినిధీ ఒకే ఓటర్ల సమూహానికి జవాబు చెప్పుకోవాలి. తేడా ఏమిటంటే, సెనేటర్ ఆరేళ్లకోసారి ప్రజల ముందుకు వస్తే, ప్రతినిధి రెండేళ్లకోసారి రావాలి.

ఆ ఓటర్ల సంఖ్యను మన లెక్కల్లో చూస్తే విషయం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. 1994లో ఈ సీటుకు పోలైన ఓట్లు సుమారు రెండు లక్షల పదివేలు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గానికి సగటున ఉన్న ఓటర్ల సంఖ్య కూడా దానికి కాస్త అటూ ఇటుగానే ఉంది. లోక్‌సభ నియోజకవర్గానికైతే సగటు పదహారు లక్షలు దాటింది. అంటే వెర్మాంట్‌లో రాష్ట్రస్థాయి ఎన్నిక మన ఎమ్మెల్యే ఎన్నిక అంత చిన్నది. అభ్యర్థి ఊరూరా తిరిగి, టౌన్ హాలులో నిలబడి, ఎదురుగా కూర్చున్నవారి ప్రశ్నలకు జవాబు చెప్పగల పరిమాణం అది. టీవీ ప్రకటనల కోసం పార్టీ ఖజానా మీద ఆధారపడక తప్పని కాలిఫోర్నియాలోనో టెక్సాస్‌లోనో ఇదే ప్రయోగం ఇలాగే ఫలించేదని నేను అనుకోను.

రెండో అంశం ఆ రాష్ట్ర చరిత్ర. ఇప్పుడు వెర్మాంట్ అనగానే వామపక్ష భావాలకు నెలవు అనుకుంటాం గానీ, 1856 నుంచి 1988 వరకు జరిగిన అధ్యక్ష ఎన్నికల్లో ఒక్క 1964లో తప్ప ప్రతిసారీ ఆ రాష్ట్రం రిపబ్లికన్లనే గెలిపించింది. ప్రతినిధుల సభ సీటును ఇరవయ్యో శతాబ్దంలో 1990 వరకు డెమోక్రాట్లు గెలిచింది ఒక్కసారే. 1958లో విలియం మేయర్ గెలిచి, రెండేళ్లకే ఓడిపోయారు. పాట్రిక్ లేహీ 1974లో సెనేట్‌కు ఎన్నికయ్యేవరకు ఆ రాష్ట్ర ప్రజలు ఒక్క డెమోక్రాట్‌ను కూడా సెనేటర్‌గా ఎన్నుకోలేదు. అంటే శాండర్స్ రంగంలోకి వచ్చేనాటికి రిపబ్లికన్ కోట బీటలు వారుతోంది, డెమోక్రాట్లు ఇంకా గ్రామాల్లో వేళ్లూనుకోలేదు. ఆ ఖాళీలోనే ఆయన ప్రవేశించారు. ఇది గమనించకుండా ఆయన గెలుపును కేవలం ఉపన్యాసాల మహిమగా చెబితే ఆ రాష్ట్రానికి అన్యాయం చేసినట్లవుతుంది.

ఆయన ప్రవేశం కూడా ఒక్కసారిగా జరగలేదు. 1970లలో లిబర్టీ యూనియన్ అనే చిన్న పార్టీ తరఫున సెనేట్‌కూ గవర్నరు పదవికీ పోటీ చేసి ప్రతిసారీ చిత్తుగా ఓడారు. 1981లో రాష్ట్రంలోని పెద్ద నగరం బర్లింగ్టన్ మేయర్ పదవికి స్వతంత్రుడిగా నిలబడి, పాతుకుపోయిన డెమోక్రాట్ మేయర్‌ను పది ఓట్ల తేడాతో ఓడించారు. ఆ తర్వాత మరో మూడుసార్లు మేయర్‌గా గెలిచారు. 1986లో గవర్నరు పదవికి స్వతంత్రుడిగా పోటీ చేస్తే వచ్చింది 14 శాతమే. మేయర్‌గా మంచిపేరు ఉన్నంత మాత్రాన రాష్ట్రమంతటా ఓట్లు రాలవని అప్పుడే తేలింది.

1988లో జెఫర్డ్స్ సెనేట్‌కు వెళ్లడంతో ప్రతినిధుల సభ సీటు ఖాళీ అయింది. ఆ ఎన్నికలో రిపబ్లికన్ పీటర్ స్మిత్‌కు 41 శాతం, శాండర్స్‌కు 38 శాతం, డెమోక్రాట్ పాల్ పొయిరియర్‌కు 19 శాతం వచ్చాయి. ఈ ఎన్నికలో స్వతంత్రుడు ఓడిపోయినా, మూడోస్థానంలోకి జారిపోయింది మాత్రం డెమోక్రాట్. అప్పటిదాకా ‘శాండర్స్ నిలబడితే మన ఓటు చీలుతుంది’ అంటూ వచ్చినవాళ్లు ఇక ‘డెమోక్రాట్ నిలబడితే శాండర్స్ ఓటు చీలుతుంది’ అనుకోవాల్సి వచ్చింది. ఓట్లు చీల్చాడన్న నింద ఒకరి మీద నుంచి మరొకరి మీదకు మారిపోవడమే 1988 సాధించిన పని. తర్వాతి పద్దెనిమిదేళ్ల రాజకీయాన్ని నిర్ణయించింది ఈ మార్పే అని నా అభిప్రాయం.

1990లో దాని ఫలితం కనిపించింది. ఈసారి స్మిత్ సిటింగ్ సభ్యుడు. సైనిక తరహా తుపాకుల మీద నిషేధాన్ని ఆయన బలపరచడంతో, వేట ఒక జీవనవిధానంగా ఉన్న ఆ గ్రామీణ రాష్ట్రంలో తుపాకీ యజమానులు ఆయన మీద ఆగ్రహించారు. జాతీయ రైఫిల్ సంఘం ఆయన ఓటమి కోసం పనిచేసింది. సోషలిస్టునని బాహాటంగా చెప్పుకొనే శాండర్స్‌కు ఆ సంఘం ఆగ్రహం పరోక్షంగా కలిసివచ్చింది. డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ముందస్తు ఎన్నికలో, గెలిచిన డొలొరెస్ శాండొవల్‌కు సొంత పార్టీ పెద్దల అండ దొరకలేదు, ఆమెకు పడినవి 3 శాతం ఓట్లే. శాండర్స్‌కు 56 శాతం, స్మిత్‌కు 40 శాతం వచ్చాయి. 1988లో పొయిరియర్‌కు పడిన ఓట్లలో ఎక్కువ భాగం ఇటు వచ్చిందని ఈ అంకెలే చెబుతున్నాయి. 1950లో ఒహాయోలోని టొలెడో నుంచి ఫ్రేజర్ రీమ్స్ గెలిచాక, స్వతంత్రుడిగా గెలిచి స్వతంత్రుడిగానే సభలో కూర్చున్నది మళ్లీ ఈయనే. మధ్యలో 1972లో బోస్టన్ నుంచి జో మోక్లీ స్వతంత్రుడిగా గెలిచినా, సభలో అడుగుపెడుతూనే డెమోక్రాట్ అయ్యారు.

గెలిచాక మొదలయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. అమెరికా కాంగ్రెస్‌లో అసలు పనంతా స్థాయీ సంఘాల్లో జరుగుతుంది. ఆ సంఘాల్లో సభ్యులెవరో పార్టీల సభాపక్షాలు ప్రతిపాదిస్తాయి, సభ లాంఛనంగా ఆమోదిస్తుంది. ఏ పక్షమూ ప్రతిపాదించని సభ్యుడికి సంఘాల్లో చోటుండదు. బిల్లు మీద చివర్లో ఓటేయడం తప్ప, అది రూపు దిద్దుకునే గదిలోకి అతనికి ప్రవేశం దొరకదు. పాడి రైతుల ధరల కోసమో, మాజీ సైనికుల ఆసుపత్రి కోసమో తమ ఒక్కగానొక్క ప్రతినిధిని వాషింగ్టన్ పంపిన రాష్ట్రానికి ఇది చిన్న నష్టం కాదు. రెండేళ్ల తర్వాత ప్రత్యర్థి అడిగే మొదటి ప్రశ్న ‘మీరు పంపిన మనిషికి అక్కడ కుర్చీ అయినా ఉందా’ అన్నదే అవుతుంది.

1991లో డెమోక్రటిక్ సభాపక్షంలోని సంప్రదాయవాదులు అభ్యంతరం చెప్పడంతో శాండర్స్‌కు ఆ పక్షంలో సభ్యత్వం దక్కలేదు. కానీ వారి కోటాలోనే బ్యాంకింగ్ సంఘం వంటి చోట్ల స్థానాలు ఇచ్చారు. సభ్యత్వం లేదు, సంఘంలో స్థానం ఉంది. రెండు వైపులకూ సరిపోయిన ఏర్పాటు ఇది. పార్టీకి ఒక ఓటు దాదాపు ఖాయమైంది, ఆయనకు సీటు నిలబెట్టుకునేందుకు అవసరమైన పనిముట్టు దొరికింది. అదే ఏడాది సభలోని వామపక్ష భావాల డెమోక్రాట్లు కొందరితో కలిసి ఆయన ప్రోగ్రెసివ్ కాకస్ అనే సభ్యుల బృందాన్ని స్థాపించారు. బయట స్వతంత్రుడు, లోపల ఒక పక్షంలో ఒదిగిన మనిషి: ఆయన పార్లమెంటరీ జీవితమంతా ఈ రెంటి మధ్యే నడిచింది.

మన పాఠకులకు ఇక్కడ ఒక పోలిక అవసరం. మన రాజ్యాంగం పదో షెడ్యూలు ప్రకారం స్వతంత్రుడిగా గెలిచిన సభ్యుడు తర్వాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వం కోల్పోతాడు. చేరకుండా బయటి నుంచి ప్రభుత్వాన్ని బలపరచవచ్చు. అమెరికాలో ఫిరాయింపుల చట్టమే లేదు. విప్ ధిక్కరించినందుకు సీటు పోవడమనే మాటే అక్కడ లేదు. శాండర్స్‌ను డెమోక్రటిక్ పార్టీలో చేరకుండా ఆపింది చట్టం కాదు, చేరమని నిర్బంధించిందీ చట్టం కాదు. ఓటర్లకు ఇచ్చిన మాట ఒక్కటే ఆయన్ను కట్టడి చేసింది. మన దగ్గర చట్టం గట్టిగా ఉన్నా స్వతంత్రుల సంఖ్య మాత్రం తరిగిపోయింది. 1957లో లోక్‌సభకు 42 మంది స్వతంత్రులు గెలిస్తే 2024లో గెలిచినవారు ఏడుగురు. 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లోగానీ, 2024 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లోగానీ ఒక్క స్వతంత్రుడూ గెలవలేదు. ఒకసారి గెలిచి రెండోసారి కూడా స్వతంత్రుడిగానే నెగ్గిన వారంటే, అస్సాంలోని కోక్రాఝార్ నుంచి 2014లోనూ 2019లోనూ లోక్‌సభకు వెళ్లిన నబ కుమార్ శరణియా వంటివారిని వెతికి పట్టుకోవాలి.

వెర్మాంట్‌కు తిరిగి వద్దాం. 1992లో శాండర్స్‌కు 58 శాతం, రిపబ్లికన్ టిమ్ ఫిల్బిన్‌కు 31 శాతం, డెమోక్రాట్ లూయిస్ యంగ్‌కు 8 శాతం వచ్చాయి. డెమోక్రాట్ ఉన్నా ప్రమాదం రాలేదు. ఎందుకంటే అది బిల్ క్లింటన్ గెలిచిన ఏడాది, వెర్మాంట్ కూడా 1964 తర్వాత తొలిసారి డెమోక్రాట్‌కు ఓటేసింది. గాలి అటు ఉన్నప్పుడు చీలిక ఎవరినీ ముంచదు.

1994లో గాలి తిరగబడింది. దేశమంతటా రిపబ్లికన్లు 54 సీట్లు అదనంగా గెలిచి, నలభై ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభను చేజిక్కించుకున్న ఎన్నిక అది. అధ్యక్ష ఎన్నిక లేని ఏడాది కావడంతో పోలింగ్ కూడా తగ్గింది. 1992లో శాండర్స్ ప్రత్యర్థి బలహీనుడు. ఈసారి ఎదురు నిలిచిన జాన్ కారల్ రాష్ట్ర సెనేట్‌లో రిపబ్లికన్ నాయకుడు, మధ్యేమార్గి, పెద్దమనిషిగా పేరున్నవాడు. పైగా తుపాకుల విషయం ఈసారి ఎదురు తిరిగింది. 1993లో తుపాకీ కొనుగోలుదారుల నేపథ్యం తనిఖీకి ఉద్దేశించిన బ్రేడీ బిల్లును శాండర్స్ వ్యతిరేకించారు. కానీ 1994లో సైనిక తరహా తుపాకుల నిషేధం కలిసివున్న నేర నియంత్రణ బిల్లుకు అనుకూలంగా ఓటేశారు. నాలుగేళ్ల క్రితం స్మిత్‌ను పడగొట్టిన కోపమే ఇప్పుడు ఆయన వైపు మళ్లింది.

ఫలితం: శాండర్స్‌కు సుమారు 1 లక్షా 5 వేల ఓట్లు, కారల్‌కు సుమారు 98 వేలు. తేడా మూడు శాతం పైచిలుకు, ఏడు వేల ఓట్ల లోపు. ప్రకృతి ధర్మ పార్టీ, లిబర్టీ యూనియన్ వంటి చిన్న పార్టీలన్నీ కలిపి మూడు, నాలుగు శాతం తీసుకున్నాయి. ఇక బరిలో లేని అభ్యర్థి గురించి ఆలోచించాలి. ఆ ఏడాది డెమోక్రాట్లు ఎవరినీ నిలబెట్టలేదు. 1992లో యంగ్‌కు వచ్చిన 8 శాతం కాదు, అందులో సగం ఓట్లు తీసుకోగల డెమోక్రాట్ ఒకరు నిలబడి, ఆ ఓట్లన్నీ శాండర్స్ ఖాతాలోంచే పోయి ఉంటే సీటు రిపబ్లికన్లదే అయ్యేది. ఆయన సుదీర్ఘ రాజకీయ జీవితం ఆ శరదృతువులో ఒక ఖాళీ గడి మీద ఆధారపడింది. 1990 విజయాన్ని అందరూ గుర్తుచేసుకుంటారు గానీ, నన్నడిగితే ఆయన్ను అర్థం చేసుకోవడానికి చదవాల్సిన ఎన్నిక 1994ది.

అయితే ‘డెమోక్రాట్లు దారి వదిలారు’ అన్న మాటను మరీ సులువుగా తీసుకోకూడదు. అమెరికాలో టికెట్ ఇచ్చేది పార్టీ అధిష్ఠానం కాదు, ప్రైమరీలో ఓటేసే సామాన్యులు. వెర్మాంట్‌లో ఓటరు ఏ పార్టీవాడో నమోదు చేసుకునే పద్ధతే లేదు, కాబట్టి ఎవరైనా ఏ ప్రైమరీలోనైనా ఓటు వేయవచ్చు. అందువల్ల తగినన్ని సంతకాలు తెచ్చుకున్న మనిషి, పార్టీ పెద్దలకు ఇష్టం ఉన్నా లేకపోయినా, డెమోక్రటిక్ అభ్యర్థి కావచ్చు. 1996లో జాక్ లాంగ్ అలా నిలబడి 9 శాతం తెచ్చుకున్నారు. జాతీయ నాయకత్వం ఆయనకు అండగా రాలేదు. శాండర్స్‌కు 55 శాతం, రిపబ్లికన్ సూసన్ స్వీట్సర్‌కు 33 శాతం. 2004లో డెమోక్రాట్ లారీ డ్రౌన్‌కు 7 శాతం. పార్టీ చేయగలిగిందల్లా డబ్బూ కార్యకర్తలూ ఇవ్వకుండా, పేరున్న నాయకుడెవరూ అటు చూడకుండా జాగ్రత్తపడటమే. అది రాతపూర్వక ఒప్పందం కాదు, పరస్పర అవగాహన. అటు శాండర్స్ కూడా రాష్ట్రంలో తనపేరు మీద కొత్త పార్టీని నిర్మించి, ప్రతి పదవికీ డెమోక్రాట్ల మీద పోటీ పెట్టే పనికి పూనుకోలేదు.

ఈ అవగాహన లేనిచోట ఏం జరిగేదో అదే రాష్ట్రం 2002లో చూపించింది. ఆ ఏడాది ప్రతినిధుల సభకు డెమోక్రాట్ లేకపోవడంతో శాండర్స్ 64 శాతంతో సునాయాసంగా గెలిచారు. అదే బ్యాలెట్ మీద లెఫ్టినెంట్ గవర్నరు పదవికి డెమోక్రాట్ పీటర్ షమ్లిన్, ప్రోగ్రెసివ్ పార్టీ అభ్యర్థి ఆంథొనీ పొలినా ఇద్దరూ నిలబడ్డారు. షమ్లిన్‌కు 32 శాతం, పొలినాకు 25 శాతం, 41 శాతంతో గెలిచింది రిపబ్లికన్ బ్రయాన్ డూబీ. ఓటర్లు వాళ్లే, పోలింగ్ రోజు కూడా అదే. మారింది అభ్యర్థుల అమరిక ఒక్కటే.

ఇంత చెప్పాక ఆయన సొంత పని గురించి కూడా చెప్పకపోతే చిత్రం సగమే అవుతుంది. దారి వదిలినంత మాత్రాన అందరూ నడవలేరు. ఆ రాష్ట్రపు ఈశాన్య జిల్లాలు పేదవి, అడవులూ పొలాలూ తప్ప పెద్ద పరిశ్రమల్లేనివి, తరతరాలుగా రిపబ్లికన్లకు ఓటేసినవి. అక్కడి జనం కూడా ఈ సోషలిస్టుకు ఓటేస్తూ వచ్చారు. 1999లో ఆయన రొమ్ము క్యాన్సర్‌తో బాధపడుతున్న మహిళలతో సహా కొందరిని బస్సులో సరిహద్దు దాటించి కెనడాలోని మాంట్రియల్‌కు తీసుకెళ్లారు. ఆ క్యాన్సర్‌కు వాడే టమాక్సిఫెన్ మందు అక్కడి దుకాణాల్లో అమెరికా ధరలో చిన్న వంతుకే దొరుకుతుందని కళ్లారా చూపించారు. మందు అదే, తయారీ అదే, సరిహద్దుకు ఇవతల ధర మాత్రం ఎన్నోరెట్లు. రిపబ్లికన్ రైతుకైనా డెమోక్రాట్ ఉపాధ్యాయురాలికైనా ఆ బస్సు ప్రయాణం అర్థమవుతుంది. పార్టీ గుర్తింపు లేని సభ్యుడికి ఇలాంటి పనులే గుర్తింపు.

2006లో జెఫర్డ్స్ పదవీవిరమణ ప్రకటించాక శాండర్స్ సెనేట్‌కు పోటీ చేసినప్పుడు, పాత అవగాహన ఒక పద్ధతిగా స్థిరపడింది. డెమోక్రటిక్ ప్రైమరీలో ఆయన పేరూ ఉంటుంది, ఆయనే గెలుస్తారు, గెలిచాక ఆ టికెట్టు తిరస్కరించి స్వతంత్రుడిగా నవంబరు పోటీకి వెళతారు. పార్టీ ఆ ఖాళీని నింపదు. దీనివల్ల 1990లోనూ 1996లోనూ వచ్చిన సమస్యకు తలుపు మూసుకుంది. ఎవరో ఒకరు ప్రైమరీలో దూరి డెమోక్రటిక్ గడిలో తన పేరు రాయించుకునే వీలు పోయింది. 2018లోనూ ఇదే జరిగింది. దీన్ని కొందరు మోసమంటారు, టికెట్టు వద్దనుకునేవాడు ప్రైమరీలో ఎందుకు నిలబడాలని అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. స్వచ్ఛమైన స్వతంత్రత కావాలనుకునేవారికి ఇది రుచించదు. కానీ చట్టం అనుమతించిన ఈ పద్ధతిని ఓటర్లు కళ్లు తెరిచే ఆమోదించారు: 2006లో 65 శాతం, 2012లో 71, 2018లో 67, 2024లో 63.

ఇతర రాష్ట్రాల్లో సిటింగ్ స్వతంత్రులు ఎలా నెగ్గారో చూస్తే ఇదే సూత్రం వేర్వేరు రూపాల్లో కనిపిస్తుంది. నెబ్రాస్కా సెనేటర్ జార్జ్ నోరిస్ రిపబ్లికన్ పార్టీని వదిలి 1936లో స్వతంత్రుడిగా నిలబడినప్పుడు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సొంత పార్టీ అభ్యర్థిని పక్కనబెట్టి నోరిస్‌నే బలపరిచారు, నోరిస్ గెలిచారు. 1942లో రెండు పార్టీలూ గట్టిగా పోటీ చేశాయి. రిపబ్లికన్ కెనెత్ వెరీకి దాదాపు సగం ఓట్లు పడ్డాయి, నోరిస్‌కు మూడో వంతు కూడా రాలేదు. దేశమంతా గౌరవించిన మనిషి, ముప్పై ఏళ్ల సెనేటర్, దారి మూసుకుపోగానే ఓడిపోయారు. వర్జీనియాలో హ్యారీ బర్డ్ జూనియర్ 1970లో డెమోక్రటిక్ టికెట్టు వదులుకొని స్వతంత్రుడిగా 54 శాతం తెచ్చుకున్నారు. అక్కడ వెనక్కి తగ్గింది రిపబ్లికన్ ఓటు, ఆ పార్టీ అభ్యర్థికి 15 శాతమే పడింది. కనెటికట్‌లో జో లీబర్‌మన్ 2006లో డెమోక్రటిక్ ప్రైమరీలో ఓడి, విడిగా నిలబడి దాదాపు 50 శాతంతో గెలిచారు. ఆయన గెలుపు రిపబ్లికన్ అభ్యర్థికి 10 శాతం కూడా రాకపోవడంలోనే ఉంది.

మెయిన్ రాష్ట్రం మాత్రం ఈ సమస్యను వేరేగా పరిష్కరించింది. అక్కడ 2010 గవర్నరు ఎన్నికలో స్వతంత్రుడు ఇలియట్ కట్లర్‌కు 36 శాతం, డెమోక్రాట్‌కు 19 శాతం పడటంతో రిపబ్లికన్ పాల్ లెపాజ్ 38 శాతంతోనే గెలిచారు. ఆ అసంతృప్తి నుంచి 2016లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ప్రాధాన్య ఓటు విధానం వచ్చింది. ఓటరు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరుస ఇస్తాడు. మొదటి లెక్కింపులో ఎవరికీ సగం దాటకపోతే, అందరికన్నా తక్కువ వచ్చినవారిని తీసేసి వారి ఓట్లను రెండో ప్రాధాన్యానికి మళ్లిస్తారు. మన శాసనమండలి పట్టభద్రుల, ఉపాధ్యాయుల స్థానాలకు జరిగే లెక్కింపును చూసినవారికి ఇది కొత్త కాదు. స్వతంత్ర సెనేటర్ ఆంగస్ కింగ్ 2018లో ఆ విధానంలోనే పోటీ చేశారు. డెమోక్రాట్ జాక్ రింగెల్‌స్టీన్‌కు 10 శాతం పడినా కింగ్ 54 శాతంతో మొదటి లెక్కింపులోనే గెలిచారు కాబట్టి రెండో ప్రాధాన్యం అవసరమే రాలేదు. అయినా తేడా పెద్దది. అక్కడ డెమోక్రాట్ బరిలో ఉండటం కింగ్‌కు శాపం కాదు, డెమోక్రాట్‌కు ఓటేయడం ఓటరుకు వృథా కాదు. తెరవెనుక అవగాహన చేసే పనిని మెయిన్‌లో ఓటరే బ్యాలెట్ మీద బాహాటంగా చేయగలడు. రెండు పద్ధతుల్లో నాకు మెయిన్ పద్ధతే మేలనిపిస్తుంది.

మరి పెద్ద పార్టీ ఎందుకు దారి వదులుతుంది? ఉదారత వల్ల కాదు, లెక్క వల్ల. 2001 మేలో జెఫర్డ్స్ రిపబ్లికన్ పార్టీని వదిలి స్వతంత్రుడై డెమోక్రాట్ల వైపు కూర్చోవడంతో 50-50గా ఉన్న సెనేట్ ఆధిపత్యం చేతులు మారింది. 2007లో డెమోక్రాట్లకున్నవి 49 సీట్లే, శాండర్స్, లీబర్‌మన్ కలిస్తేనే 51 అయ్యాయి. 2021లో శాండర్స్, కింగ్‌లతో కలిపి 50, ఆపై ఉపాధ్యక్షురాలి ఓటు. ఆ ఏడాది శాండర్స్ బడ్జెట్ సంఘానికి అధ్యక్షుడయ్యారు. 1991లో సభ్యత్వమే ఇవ్వని పార్టీ ముప్పై ఏళ్ల తర్వాత ఖజానా లెక్కలు చూసే సంఘాన్ని చేతిలో పెట్టింది.

సిటింగ్ హోదా లేని స్వతంత్రుడికి దారి వదిలినా చాలదని ఈమధ్య రెండు రాష్ట్రాలు చూపించాయి. 2014లో కాన్సాస్‌లో డెమోక్రాట్ తప్పుకొన్నా గ్రెగ్ ఓర్మన్ ఓడిపోయారు. 2024లో నెబ్రాస్కాలో డెమోక్రాట్లు అభ్యర్థిని నిలబెట్టకపోయినా డాన్ ఓస్బోర్న్ 46 శాతం పైచిలుకు దగ్గరే ఆగారు. రిపబ్లికన్ల బలం స్పష్టంగా ఉన్న రాష్ట్రాల్లో ఒక పార్టీ ఖాళీ చేసిన చోటు సగం దాకా తీసుకెళ్లగలదు, మిగతా దూరం అవతలి పార్టీ ఓటర్లను ఒప్పించి నడవాలి. వెర్మాంట్ ఈశాన్య జిల్లాల్లో ఆ ఒప్పించే పనికి శాండర్స్‌కు పాతికేళ్లు పట్టింది.

ఆ పాతికేళ్ల కృషి వారసత్వంగా అందేది కూడా కాదు. 2006లో ఆయన సెనేట్‌కు వెళ్లాక ఖాళీ అయిన ప్రతినిధుల సభ సీటుకు మరో స్వతంత్రుడు ఎదగలేదు. డెమోక్రాట్ పీటర్ వెల్చ్, రిపబ్లికన్ మార్తా రెయిన్‌విల్ మధ్య మామూలు ముఖాముఖి పోటీ జరిగింది, వెల్చ్ గెలిచారు. పదహారేళ్లు స్వతంత్రుడు కూర్చున్న ఆ సీటు అప్పటినుంచి డెమోక్రాట్లదిగానే ఉంది. 2024లో మళ్లీ ఎన్నికైన నాటికి శాండర్స్‌కు 83 ఏళ్లు, కింగ్‌కు 80. ఇద్దరి పదవీకాలమూ 2031 జనవరితో ముగుస్తుంది.